దత్తత తెచ్చిన కుక్కపిల్ల: టీకాలు పూర్తయ్యేదాకా గడప దాటించకపోతే ఏమవుతుంది?

వీధికుక్కల వివాదం 2025 ఆగస్టులో దేశమంతా చర్చకు వచ్చింది. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను పట్టి షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 11న ఆదేశించింది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మినహా మిగతా కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలంది. దత్తత తీసుకోదలచినవారు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూడాల్సిన బాధ్యత వారిదేనని కూడా చెప్పింది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ ఆ నెలలోనే బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది.

పిల్ల ఇంటికొచ్చాక అసలు తికమక మొదలవుతుంది. టీకాలన్నీ అయ్యేదాకా నేల మీద కాలు పెట్టనివ్వొద్దని వెట్ (పశువైద్యుడు) చెబుతాడు. ఇప్పుడే నలుగురికీ అలవాటు చేయకపోతే తర్వాత లొంగదని ట్రైనర్ అంటాడు. గేటు దగ్గర కట్టేస్తే అదే నేర్చుకుంటుందని పక్కింటాయన సలహా. మొదటి రెండు మాటలూ నిజమే, కాకపోతే అవి ఒకదానికొకటి అడ్డం వస్తాయి. మూడోది మాత్రం పొరపాటు.

క్లుప్తంగా

కుక్కపిల్ల మనుషులనూ చప్పుళ్లనూ భయం లేకుండా స్వీకరించే వయసు సుమారు 3వ వారం నుంచి 12–14వ వారం దాకా. టీకాల రక్షణ పూర్తిగా నమ్మదగ్గది అయ్యేసరికి 16 వారాలు దాటుతుంది. ఈ ఎడాన్ని చంకనెత్తుకుని తిప్పడం, ఇతర కుక్కలు రాని నేలను ఎంచుకోవడం ద్వారా దాటవచ్చు. పెద్దయ్యాక కనిపించే మొరుగుడు, కరుపు, ఇల్లు పాడుచేయడం లాంటి చాలా సమస్యలకు మొదలు ఈ కొద్ది వారాల్లోనే ఉంటుంది. వీధి నుంచి వచ్చిన పిల్ల పంటిగాటును మాత్రం ఆటగా తీసుకోకూడదు.

టీకా మూడుసార్లు ఎందుకు?

మూడు సూదులు వేస్తే మూడింతల బలం వస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. పుట్టిన మొదటి రోజు తల్లి జున్నుపాలతో పిల్లకు యాంటీబాడీలు (రోగాలతో పోరాడే ప్రొటీన్లు) అందుతాయి. అవి కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ వంటి వైరస్‌లనుంచి కాపాడతాయి, ఆ వైరస్‌ల రూపంలోనే ఉండే టీకాను కూడా పనిచేయనివ్వవు. ఆరో వారం నుంచి పదహారో వారం మధ్య ఎప్పుడో అవి తగ్గిపోతాయి. ఏ పిల్లకు ఎప్పుడు తగ్గుతాయో ముందుగా చెప్పలేం. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలకే తేడా ఉంటుంది. అందుకే 6–8 వారాల వయసులో తొలి డోసు వేసి, 2–4 వారాలకోసారి మళ్లీ వేస్తూ, ఆఖరి డోసు 16 వారాలు నిండాక పడేలా చూస్తారు. మూడింటిలో ఏదో ఒకటి పట్టాలన్నదే లెక్క. "రెండు వేయించాం, చాల్లే" అని 12వ వారంలో ఆపేసిన పిల్లకు 5 నెలల వయసులో పార్వో రావడానికి ఎక్కువగా ఇదే కారణం.

తల్లి యాంటీబాడీలు వైరస్‌ను ఆపలేనంత తగ్గి, టీకాను మాత్రం అడ్డుకోగలిగేంత మిగిలి ఉండే రోజులు కొన్ని ఉంటాయి. పిల్లకు అసలు ప్రమాదం ఆ రోజుల్లోనే. పార్వో వైరస్ మట్టిలో, గచ్చు మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ ద్రావణానికి చస్తుంది. లీటరు నీటికి 35–50 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ కలిపి, నేల మీద 10 నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. అదే ఇంట్లో ఇంతకుముందు కుక్కపిల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలతో పోయి ఉంటే ఏడాది గడిచే వరకు, కనీసం టీకాలు పూర్తవని పిల్లను తేకపోవడం మంచిది. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి 3 నుంచి 7 రోజులు పడుతుంది. కొత్తగా తెచ్చిన పిల్ల రెండో రోజో మూడో రోజో తిండి మానేసి వాంతి చేసుకుంటే "ఇల్లు మారింది, బెంగ పెట్టుకుంది" అని ఒక రాత్రి ఆగడం ప్రాణం మీదికి తెస్తుంది. చిన్న కుక్కపిల్ల ఒంట్లో నీరు కొన్ని గంటల్లోనే ఇంకిపోతుంది.

రేబిస్ తొలి టీకా 12 వారాలు నిండాక వేస్తారు. మన దగ్గర వెట్లు తరచుగా 3–4 వారాలకు బూస్టర్ ఇచ్చి, తర్వాత ఏడాదికోసారి వేస్తారు. ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినోత్సవానికి ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉండాలి. మందుల షాపులో కొని, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని, మధ్యాహ్నం ఎండలో ఆసుపత్రికి తీసుకెళ్లిన సీసాకు ఎంత పదును మిగిలిందో ఎవరూ చెప్పలేరు. సీసా మీది స్టిక్కర్‌ను కార్డులో అంటించి, తేదీ రాసి, సంతకం చేసిన చోటే వేయించాలి.

నులిపురుగుల సంగతి టీకా కంటే ముందే చూడాలి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి. కొంకి పురుగులు పాల ద్వారా వస్తాయి. కాబట్టి తల్లి పాలు తప్ప ఏమీ ముట్టని పిల్లకైనా పురుగులుంటాయి. రెండో వారం నుంచి 8–12 వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి మందు వేస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది, అందుకే ప్రతిసారీ తూకం వేయాలి. కాళ్లు పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉబ్బితే దాన్ని బొద్దుతనమని మురిసిపోకూడదు.

మూసుకుపోయే వయసు

అమెరికాలోని బార్ హార్బర్‌లో 1950లు, 60ల్లో కుక్కపిల్లల ఎదుగుదల మీద సుదీర్ఘంగా పరిశోధన జరిగింది. 1961లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కుక్కపిల్లలను మనుషుల స్పర్శ తగలకుండా కంచె వేసిన పొలంలో పెంచి, వేర్వేరు వయసుల్లో ఒక్కో వారం పాటు లోపలికి తెచ్చి మచ్చిక చేశారు. ఐదు, ఏడు వారాల వయసులో వచ్చినవి త్వరగా దగ్గరయ్యాయి. 14 వారాల దాకా మనిషి పొడ తెలియనివి అడవి జంతువుల్లాగే మిగిలిపోయాయి. 14వ వారం తర్వాత ఏమీ నేర్పలేమని దీనర్థం కాదు. అప్పటిదాకా కుతూహలంగా చూసిన కొత్త వస్తువును ఆ తర్వాత అనుమానంగా చూడటం మొదలవుతుంది. ఒక్క చికెన్ ముక్కతో అయ్యే పనికి అప్పుడు నెలల సాధన కావాలి.

మన దేశీ కుక్కపిల్లల విషయంలో దీనికి మరో కారణం తోడవుతుంది. కోల్‌కతాలోని ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ) పరిశోధకులు 95 ఈతల్లోని 364 వీధికుక్క పిల్లలను గమనిస్తే, పునరుత్పత్తి వయసు దాకా బతికినవి 19 శాతమే. చావుల్లో 63 శాతానికి మనుషుల ప్రమేయమే కారణం. కొత్తదాన్ని చూసి వెనక్కి తగ్గే గుణం ఉన్న పిల్లే వీధిలో నిలబడుతుంది. తరతరాలుగా ఆ వడపోత జరిగిన జాతికి లాబ్రడార్ లాగా దారినపోయే ప్రతివాడి దగ్గరికీ తోక ఊపుతూ వెళ్లే లక్షణం తక్కువ. అందుకని దేశీ పిల్లకు ఈ వారాల్లో పరిచయాలు ఇంకా ఎక్కువ కావాలి. ఆచరణలో ఇళ్లల్లో జరిగేది దీనికి తలకిందులు: ఖరీదు పెట్టి కొన్న లాబ్‌ను షికారు తిప్పుతారు, దత్తత పిల్లను వరండాలో ఉంచుతారు.

నేల తాకకుండా లోకం చూపించడం

అమెరికా పశుప్రవర్తన వైద్యుల సంఘం ఈ చిక్కుకు స్పష్టమైన దారి చెప్పింది. తొలి డోసు టీకా, తొలి పురుగుల మందు పడి కనీసం 7 రోజులు గడిస్తే, 7–8 వారాల పిల్లను శుభ్రమైన చోట జరిగే శిక్షణ తరగతులకు తీసుకెళ్లవచ్చన్నది ఆ సంఘం అభిప్రాయం. మన వీధుల్లో వైరస్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఒక మెట్టు తగ్గించుకోవాలి. పిల్ల కళ్లు, చెవులు, ముక్కు బయటికి వెళ్లాలి. పాదాలు మాత్రం ఇతర కుక్కలు తిరిగే నేలను తాకకూడదు. చెప్పులతో వైరస్ ఇంట్లోకి రాగలదు కనుక బయట తిరిగిన చెప్పులు గుమ్మం బయటే ఉండాలి. ఆ అలవాటు మన ఇళ్లల్లో ఎలాగూ ఉంది.

చంకనెత్తుకునో, బుట్టలో కూర్చోబెట్టుకునో రోజుకు రెండుసార్లు 10–15 నిమిషాలు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుంటే చాలు. హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, చేతికర్రతో నడిచే తాత, బుర్ఖా వేసుకున్నావిడ, రెయిన్‌కోటు, నీళ్ల క్యాన్లు దించే ఆటో, స్కేటింగ్ చేసే పిల్లలు, పాల ప్యాకెట్ల క్రేట్లు – వీటిలో పెద్దయ్యాక ఏది దానికి శత్రువుగా కనిపిస్తుందో ముందే ఊహించలేం, అందుకే అన్నీ చూపించాలి. ఇతర కుక్కలు ఎక్కని సొంత డాబా అయితే నేల మీద వదలవచ్చు. టీకాలు పూర్తయిన, నెమ్మదస్తురాలైన పెద్ద కుక్క ఉన్న బంధువుల ఇంటికీ తీసుకెళ్లవచ్చు. కుక్కలతో ఎలా మెలగాలో మనుషులు నేర్పలేరు. ఆ పాఠం మరో కుక్కే చెప్పాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు పరిమాణంలో ఉంటుంది. "అలవాటు కావాలిగా" అని పుట్టినరోజు వేడుకలో పదిహేను మంది పిల్లల చేతులు మారిన కుక్కపిల్ల నేర్చుకునేది పిల్లలంటే పారిపోవాలని. ఎత్తుకోవడానికి పిల్ల దగ్గరికి మనిషి వెళ్లకూడదు. మనిషి కూర్చుంటే పిల్ల తనంతట తాను రావాలి. దూరం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన కొలమానం తిండి. ఇంట్లో ఎగబడి తినే ఉడికించిన చికెన్ తునకను గేటు దగ్గర ముట్టలేదంటే భయపడుతోందని అర్థం. తోక ముడుచుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, పెదాలు పదేపదే నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం కూడా అవే గుర్తులు. అప్పుడు అదిలించకుండా, బుజ్జగించి బలవంతపెట్టకుండా, పదడుగులు వెనక్కి వస్తే సరిపోతుంది.

చప్పుళ్లకు ఇల్లే చాలు. కుక్కర్ విజిల్ వచ్చిన ప్రతిసారీ ఒక తునక; మిక్సీకి ఒకటి. దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం డీజే, బోనాల డప్పులు ఫోన్‌లో బాగా తగ్గించిన శబ్దంతో పెట్టి, పిల్ల తింటున్నంతసేపూ వినిపించి, రోజుకు కాస్త చొప్పున పెంచాలి. ముందు చప్పుడు, ఆ వెంటనే తిండి అన్న వరుస తప్పకూడదు. తిండి ముందు వచ్చి చప్పుడు తర్వాత వస్తే, గిన్నె చూసినప్పుడల్లా ఏదో పేలుతుందని పిల్ల నేర్చుకుంటుంది.

పంటిగాటు: ఆట ఎక్కడ ఆగి ఆసుపత్రి ఎక్కడ మొదలవుతుంది

కుక్కపిల్లకు 28 పాలపళ్లుంటాయి, సూదుల్లా. నాలుగో నెల నుంచి ఊడి ఆరో నెలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ మధ్యకాలంలో కొరకడం సహజం. ఎంత గట్టిగా కొరకవచ్చో పిల్ల నేర్చుకునేది 5–8 వారాల మధ్య తోబుట్టువులతో కొట్లాడుతూ. గట్టిగా కొరికితే తోబుట్టువు కీచుమని ఆట మానేస్తుంది. నాలుగో వారంలోనే అట్టపెట్టెలో పెట్టి తెచ్చేసిన పిల్లకు ఈ పాఠం పడదు. తల్లి ఉండి, ఆ చోటు సురక్షితమైతే ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరే ఉంచమనడం ఇందుకే. తల్లి చనిపోయిన పిల్లల విషయంలో ఆ అవకాశం ఉండదు. ఆ పాఠాన్ని ఇంట్లోవాళ్లే చెప్పాలి.

పన్ను ఒంటికి తగలగానే ఆట ఆగిపోవాలి. చేయి వెనక్కి లాక్కుంటే అది పరిగెత్తే ఎరలా కనిపించి ఇంకా గట్టిగా పడుతుంది. చేతిని కదపకుండా ఉంచి, లేచి, 20–30 సెకన్లు మొహం తిప్పుకోవాలి. తర్వాత నమలడానికి తాడుబొమ్మో, ఫ్రిజ్‌లో చల్లబరిచిన క్యారెటో ఇవ్వాలి. మూతి మీద కొడితే కొరకడం ఆగదు, హెచ్చరిక ఆగుతుంది. గుర్రుమంటే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క పెద్దయ్యాక గుర్రుమనకుండానే కరుస్తుంది.

సాయంత్రం 6–8 గంటల మధ్య పిల్లకు పిచ్చెత్తినట్టు ఇల్లంతా పరిగెత్తి చీర కుచ్చిళ్లు పట్టుకుని వేలాడుతుందని చాలా ఇళ్లల్లో ఫిర్యాదు. ఎక్కువసార్లు దీనికి కారణం నిద్ర చాలకపోవడం. ఈ వయసు పిల్ల రోజుకు 18–20 గంటలు పడుకోవాలి. ఇంట్లో బడి పిల్లలుంటే దాన్ని పడుకోనివ్వరు. గంట మెలకువ, రెండు గంటల నిద్ర అన్న లెక్కన మధ్యాహ్నం ఒక గది మూసి పడుకోబెడితే సాయంత్రపు కరుపు సగానికి సగం తగ్గుతుంది.

ఇదంతా చర్మం తెగనంతవరకు. వీధి నుంచి వచ్చిన, టీకా పూర్తికాని పిల్ల పాలపన్ను గీరి నెత్తురు చెమ్మ కనిపించినా అది రేబిస్ లెక్కల్లోకి వస్తుంది. రేబిస్ కుక్క ఆ పిల్లను ఎప్పుడు కరిచిందో తెలియదు. వైరస్ బయటపడటానికి వారాలు, నెలలు పట్టవచ్చు. "చిన్న పిల్ల, దానికేం రేబిస్" అన్న నిర్లక్ష్యం ప్రాణాలు తీసింది. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండరంలోకి ఇచ్చే టీకా అయితే 0 (తొలి డోసు వేసిన రోజు), 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా గాయం చుట్టూ ఎక్కిస్తారు. కరిచిన కుక్కపిల్ల 10 రోజులు ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు తేలుస్తారు. ఆ పది రోజులు చూసి మొదలుపెడదామని ఆగకూడదు. బొడ్డు చుట్టూ సూదులన్న పాత భయానికీ ఆధారం లేదు. ఆ రకం టీకా తయారీ దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది.

ఇంట్లో పాస్: తప్పు నేర్పేది మనమే

కుక్కపిల్ల ఎంతసేపు ఆపుకోగలదో ఒక మోటు లెక్క ఉంది: వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు గరిష్ఠం, మెలకువగా ఆడుతుంటే గంట కూడా కష్టమే. నిద్ర లేవగానే, తిన్న 15–30 నిమిషాలకు, ఆట మధ్యలో తప్పకుండా వస్తుంది. ఈ మూడు సందర్భాల్లో మనమే ముందుగా తీసుకెళితే పని ముప్పావు వంతు అయినట్టే.

అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ దగ్గర చిక్కు వస్తుంది. ఐదో అంతస్తులో లేచిన పిల్ల కిందికి నడిచి చేరేలోపు కారిడార్‌లోనే కానిచ్చేస్తుంది. తలుపు దగ్గరి నుంచి కింద మట్టి దాకా ఎత్తుకునే వెళ్లాలి. ఎత్తుకున్నంతసేపు పిల్లలు సాధారణంగా ఆపుకుంటాయి. టీకాలు పూర్తయ్యేదాకా మాత్రం కింద దించకుండా బాల్కనీలో ఒక ట్రేలో మట్టి, పైన గడ్డి పెట్టడం మేలు. న్యూస్‌పేపర్ చౌకే, కానీ దానితో మరో అలవాటు పడుతుంది. ఎనిమిదిన్నర వారాల ప్రాంతంలో పిల్ల తన పాదాల కింద ఏ రకం నేల ఉంటే మూత్రం పోయాలో ఖాయం చేసుకుంటుంది. నున్నటి టైల్స్ మీది కాగితానికి అలవాటైన పిల్ల తర్వాత డోర్‌మ్యాట్‌నూ, పరుపునూ, సోఫాలో మర్చిపోయిన ఈరోజు పేపర్‌నూ ఒకేలా చూస్తుంది. మట్టికి అలవాటైన పిల్లకు ఆ గొడవ లేదు.

కింద దించాక నిలబడి, మాట్లాడకుండా, 5 నిమిషాలు ఆగాలి. పని అవుతుండగా ఒకే మాట నెమ్మదిగా అనాలి. అవగానే అక్కడికక్కడే, రెండు సెకన్లలోపు, తునక ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చినట్టవుతుంది. పని అయిన మరుక్షణం పైకి తీసుకురావడం ఇంకో పొరపాటు. బయట సరదా అంతటితో అయిపోతుందని కనిపెట్టిన పిల్ల ఆపుకుని తిరుగుతుంది, ఇంటికొచ్చి పోస్తుంది. అయిన తర్వాత మరో 5 నిమిషాలు అక్కడే ఆడించాలి.

ఇంట్లో పోసినప్పుడు మూతిని అందులో రుద్ది, చెంపదెబ్బ వేసే పద్ధతి ఇంకా ఉంది. పోసిన కొద్ది సెకన్లు దాటితే దేనికి కొట్టారో పిల్లకు తెలియదు. తెలిసే సమయంలో కొడితే నేర్చుకునేది ఒక్కటే, మనిషి ఎదురుగా పోస్తే దెబ్బ పడుతుందని. అప్పటి నుంచి సోఫా వెనకా, మంచం కిందా పోస్తుంది. మరీ చిక్కేమిటంటే, లీష్ పట్టుకుని పార్కుకు తీసుకెళ్లినా యజమాని ఎదుట పోయదు.

పోసిన చోటును ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకు వాసన పోతుంది, కుక్క ముక్కుకు మిగులుతుంది. ఎంజైమ్ క్లీనర్ దొరికితే మంచిది; లేదంటే సర్ఫ్ నీళ్లతో కడిగి, వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిచి ఆరనివ్వాలి. మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోయకూడదు, హానికరమైన ఆవిరి వస్తుంది. బ్లీచ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో కలపడం అంతకంటే ప్రమాదం. ఈ పద్ధతి పాటిస్తే నాలుగో నెలకు పొరపాట్లు అరుదవుతాయి, ఆరో నెలకు చాలా పిల్లలు కుదురుకుంటాయి. బాగా నేర్చుకున్న పిల్ల హఠాత్తుగా చుక్కలు చుక్కలుగా పోస్తే అది క్రమశిక్షణ సమస్య కాదు, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించాలి. ఎండాకాలంలో "తక్కువ తాగితే తక్కువ పోస్తుంది" అని నీళ్లు తగ్గించడం వడదెబ్బకు దారి.

పెరుగన్నం చాలదు, ఎందుకంటే

కుక్క అన్నం అరిగించుకోలేదన్న మాట తప్పు. తోడేళ్లతో పోలిస్తే పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు పెంపుడు కుక్కల్లో చాలా ఎక్కువని 2013లో తేలింది. పెరుగన్నంతో చిక్కు అరుగుదలలో లేదు, అందులో ఉన్న మాంసకృత్తుల్లో ఉంది. మూడు కిలోల పిల్లకు రోజుకు సుమారు 450–480 కేలరీలు కావాలి. కిలో బరువు లెక్కన చూస్తే పెద్ద మనిషికి కావలసిన దానికి నాలుగింతలు. అందులో మాంసకృత్తులు కనీసం 26–27 గ్రాములుండాలి. అన్ని కేలరీలూ పెరుగన్నం నుంచే ఇస్తే దాదాపు సగమే అందుతాయి.

సుమారు 150 గ్రాముల అన్నం, 100 గ్రాముల ఉడికించిన ఎముకల్లేని చికెన్, ఒక గుడ్డు, చెంచా నూనె కలిపితే ఆ లెక్క దాటుతుంది. అయితే అప్పుడు కాల్షియం దాదాపు శూన్యం. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ లోటు తీర్చడానికి శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాగుతుంది. ముందరి కాళ్లు వంకర పోవడం, సోఫా మీంచి దూకితేనే కాలు విరగడం ఇలాగే జరుగుతుంది. ఈ కొలత తిండికి కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు ముప్పావు చెంచా కావాలి. వెట్‌ను అడగకుండా దాని మీద మళ్లీ కాల్షియం సిరప్ పోయడం అతి. ఇంత చేసినా జింక్, అయోడిన్ వంటివి ఇంటి తిండిలో చాలవు కనుక, రోజు తిండిలో సగమైనా కుక్కపిల్లల కోసమే తయారుచేసిన ఆహారం కలపడం తేలికైన దారి. మాంసం వండని ఇళ్లల్లో గుడ్డుకైనా ఒప్పుకోకపోతే, పూర్తిగా ఆ ఆహారం మీదే ఆధారపడటం నయం.

మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, తర్వాత రెండుసార్లు పెట్టాలి. ఉడికిన ఎముకలు చీలికలుగా విరిగి పేగును కోస్తాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, అందుకే కూర కలిపిన అన్నం వద్దు. పాయసంలో, చక్కెరపొంగలిలో ఉండే కిస్‌మిస్ కిడ్నీలను పాడుచేస్తుంది. ఒళ్లు వెచ్చగా ఉందని మనుషుల పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ వేయడం అన్నిటికంటే ఘోరం. పిడుదులకు పశువుల మందు కలిపి పూయడం కూడా అలాంటిదే. పశువు మోతాదు మూడు కిలోల పిల్లకు విషం.

గొలుసు, గేటు, కొరియర్

పగలంతా కట్టేసి రాత్రి వదిలితే కాపలాకు పదునెక్కుతుందన్న నమ్మకం ఊళ్లల్లో గట్టిగా ఉంది. కట్టేసిన కుక్క ముందు నుంచి కొరియర్ వచ్చి, కవరు ఇచ్చి, వెళ్లిపోతాడు. అతను వెళ్లింది పని అయిపోయి. కుక్క మాత్రం తన మొరుగుడుకే వెళ్లాడనుకుంటుంది. రోజుకు పది మంది చొప్పున ఆ గెలుపు పదే పదే దక్కుతుంది. ఆరు నెలలకు తయారయ్యేది కాపలా కుక్క కాదు, దొంగకూ ఇంటి బంధువుకూ తేడా తెలియని కుక్క. పిల్లకు కావలసింది మనుషులు తిరిగే గదిలో ఒక మూల. పూజగది, వంటగది వద్దనుకుంటే అక్కడ చిన్న అడ్డు తలుపు పెడితే సరిపోతుంది. రోజంతా కసరడం కంటే అది మేలు.

తొలి రాత్రులు మేడ మీదో, బాల్కనీలోనో ఒంటరిగా వదిలితే ఏడుస్తుంది. అప్పటిదాకా తోబుట్టువుల ఒంటి వేడిలో పడుకున్న పిల్ల అది. మంచం పక్కన పెట్టెలో పడుకోబెట్టి, ఒకటి రెండు వారాల తర్వాత రోజుకో అడుగు దూరం జరపాలి. ఒంటరితనం కూడా విడిగా నేర్పాల్సిన పాఠమే: మొదట రెండు నిమిషాలు తలుపు మూసి రావడం, తర్వాత ఐదు, పది, ముప్పై. సెలవుల్లో పిల్లల ముచ్చట కోసం తెచ్చిన ఇళ్లల్లో ఇది దాదాపు ఎప్పుడూ జరగదు. మే నెలంతా ఎవరో ఒకరి ఒళ్లో ఉన్న పిల్ల జూన్‌లో బడులు తెరిచిన రోజు ఒక్కసారిగా ఎనిమిది గంటలు ఒంటరవుతుంది. చెప్పులు కొరకడం, పక్క ఫ్లాట్ వాళ్లు ఫిర్యాదు చేసేంత అరుపు ఆ వారంలోనే మొదలవుతాయి.

మాటలు నేర్పడం వీటన్నిటికంటే సులువు. రోజుకు మూడుసార్లు, మూడేసి నిమిషాలు చాలు. నాన్న "సిట్" అని, నానమ్మ "కూర్చో" అని, పిల్లలు "సిట్ డౌన్ రా" అని అంటే మాత్రం నెల గడిచినా రాదు. ఒకే మాట ఎంచుకుని ఫ్రిజ్ మీద రాసి అంటించాలి. "రా" అన్న పిలుపును స్నానానికో తిట్టడానికో వాడకూడదు. అలా వాడితే గేటు తెరిచి ఉన్న రోజున ఎంత పిలిచినా రాదు.

ఆరో నెల తర్వాత

ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య, అంతా నేర్చుకున్న పిల్ల మాట విననట్టు చేస్తుంది. యవ్వనంలో ఇది తాత్కాలికం. కుక్కలను వదిలేయడం ఎక్కువగా ఈ వయసులోనే జరుగుతుంది. ఆడకుక్కకు తొలి ఎద ఈ కాలంలోనే వస్తుంది కాబట్టి ఆపరేషన్ ఎప్పుడన్నది ఐదో నెలలోనే వెట్‌తో మాట్లాడుకోవాలి. కుక్కను తిండీ నీళ్లూ లేని స్థితికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం. పెంపుడు కుక్కలను అపార్ట్‌మెంట్ సంఘాలు పూర్తిగా నిషేధించలేవని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మున్సిపల్ లైసెన్స్, రేబిస్ టీకా కార్డు చేతిలో ఉంటే సంఘంతో మాట్లాడటం తేలిక.

ఈ వయసులో గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమనడం, ఇంట్లోవాళ్ల మీదికి ఎగబడటం లాంటివి కొత్తగా మొదలైతే ట్రైనర్ కంటే ముందు వెట్‌కు చూపించాలి. చెవిలో చీము, కీలు నొప్పి, పిడుదుల జ్వరం ఉన్న కుక్కలు కూడా ఇలాగే ప్రవర్తిస్తాయి. ఒంట్లో బాగానే ఉందని తేలాక, గిన్నె లాక్కోకుండా, పక్కనుంచి వెళుతూ తిండి కంటే రుచైన ముక్క అందులో వేసి వెళ్లిపోవడం మొదలుపెట్టాలి. రోజుకు రెండుసార్లు, రెండు మూడు వారాలు అలా చేశాక, మనిషి అడుగు దగ్గరపడినప్పుడు కుక్క బిగుసుకోకుండా తల ఎత్తి చూస్తే పద్ధతి పనిచేస్తోందని అర్థం. ఇంకా బిగుసుకుంటుంటే దూరం పెంచాలి, చిన్న పిల్లలను తిండి వేళ ఆ గదిలోకి రానివ్వకూడదు.